ఇంజన్ పక్కన కునుకు

పెళ్ళైన మూడో రోజు మధ్యాహ్నం అత్తవారింట్లో కడుపునిండా తిని, ముందుగదిలో చాప పరుచుకుని నిద్రపోయాను. అంతకు మించి నేనే పాపమూ ఎరగను. లేచేసరికి వీధి తలుపు వేసి ఉంది. కిటికీలు మూసి ఉన్నాయి. మా ఆవిడ గుమ్మం దగ్గర కాపలా కాస్తోంది. అత్తగారు వంటింట్లో తల పట్టుకుని కూర్చుంది. మామగారు నా కాళ్ళ దగ్గర నిలబడి, దొంగ దొరికినట్టు నన్నే చూస్తున్నారు.

"ఒంట్లో బాగాలేదా అల్లుడుగారూ?" అన్నారు.

"బాగానే ఉందండీ. కాస్త కునుకు పట్టింది."

ఆయన మొహం మాడిపోయింది. "ఈ ఇంట్లో ఆ మాట అనకండి," అని, వీధి తలుపు రెండంగుళాలు తెరిచి, ఎవరూ చూడలేదని తేల్చుకుని బయటికి వెళ్ళిపోయారు.

పిల్లనిచ్చేటప్పుడు నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే చేసుకునేవాణ్ణి కాదని అనను గానీ, ఒకసారి ఆలోచించేవాణ్ణి. భోజనం అయ్యాక అరగంట పడుకోకపోతే సాయంత్రం దాకా నేను మనిషిని కాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు రికార్డు గదిలో నా ఉద్యోగం. చెదలు తిన్న పాత దస్తావేజులు చదివి నకళ్ళు రాయడం పని. ఆ గదిలో బీరువా వెనకాల నాకో చోటుంది. ఆదివారాలే చిక్కు. ఉద్యోగం ఈ ఊళ్ళోనే కాబట్టి మామగారింటి మేడమీద కాపురం పెట్టాం. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం మేడమీద దొంగతనంగా పడుకుంటున్నాను.

సంగతేమిటంటే, ఊళ్ళో మా మామగారి వాళ్ళని కునుకోళ్ళు అంటారు. అసలు ఇంటిపేరు పెళ్ళి శుభలేఖల్లో మాత్రమే కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ అసలు పేరు పట్టుకుని గంటసేపు వీధులు తిరిగి, చివరికి కునుకోళ్ళ ఇల్లు అని అడిగితే గానీ మా గడప దొరకలేదు.

ఆ పేరు తెచ్చిపెట్టినవాడు మామగారి తాత. ఊరి చివర కప్పులేని రాతి గోడలు, పక్కన పొగగొట్టం ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు అది గనిలో ఊరే నీళ్ళు తోడే ఆవిరి ఇంజన్ ఉన్న ఇల్లు. తాత ఆ ఇంజన్‌కి డ్రైవరు. ఆయన చేతికి వచ్చేనాటికే ఆ ఇంజన్‌కి నూరేళ్ళు దాటాయి, వయసులో గని యజమానిగారి తాతకన్నా పెద్దది. తొంభై ఏళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అది ఆగిపోయింది. గని నీట మునిగింది. ప్రాణాలెవరివీ పోలేదు గానీ ఎనిమిది నెలలు పనుల్లేక ఊళ్ళో సగం పొయ్యిలు వెలగలేదు. డ్రైవరు నిద్రపోయాడు, నిప్పు ఆరిపోయింది, ఇంజన్ ఆగింది అని విచారణలో తేల్చేశారు. కడుపు కాలిన ఊరు ఊరుకోదు కదా, పేరు పెట్టేసింది.

ఆ పేరు చెరిపేయాలని తాత కొడుకూ గనిలో పంపుల మీదే పనిచేశాడు, మనవడైన మా మామగారూ పంపుల మీదే పనిచేశారు. ఈయన హయాంలో కరెంటు పంపులే. ముప్ఫై నాలుగేళ్ళు పంపుగదిలో కుర్చీ వేయనివ్వలేదు. కుర్చీ ఉంటే కూర్చోవాలి, కూర్చుంటే కళ్ళు మూతలు పడతాయి, పడితే ఎవడో చూస్తాడు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్తారు. ఆవలింత వస్తే గోడ వైపు తిరుగుతారు. కడుపు ఆపరేషనుకి డాక్టరు మత్తు ఇస్తానంటే, "నేను మెలకువగానే ఉంటాను, మీ పని మీరు కానివ్వండి," అన్నారట. ఆ డాక్టరు ఇప్పటికీ ఆయన్ని చూస్తే పక్క వీధిలోకి తిరుగుతాడు.

పోయినేడాది, మూతపడిన గని ఆఫీసుని మ్యూజియం చేశారు. దానికి అధికారిగా ఒక మేడం వచ్చింది. చిన్న వయసే, మాట మెత్తన, పట్టు మాత్రం ఇనుము. ఇంజన్ ఇంటి ముందు పెట్టబోయే శిలాఫలకం మీద ఏం చెక్కాలో రాసి, పాత కార్మికులకి చూపించడానికి పిలిచింది. నన్ను కూడా లాక్కుపోయారు మామగారు. కాగితం మీద ఐదు వాక్యాలున్నాయి. ఇంజన్ ఎప్పుడు పెట్టారు, ఎంత లోతు నుంచి తోడేది వగైరా. నాలుగో వాక్యం ఇది: "డ్రైవరు నిద్రపోవడం వల్ల ఇంజన్ ఆగి, గని మునిగింది."

మామగారు రెండుసార్లు చదివారు. "దీనికి ఆధారం ఏమిటమ్మా?" అన్నారు.

"గని మీద వచ్చిన పుస్తకాలన్నిట్లో ఇలాగే ఉందండీ. కాదనడానికి మీ దగ్గర ఆధారం ఉంటే తీసుకురండి, మార్చేస్తాను. ఒకటో తారీఖున చెక్కడం మొదలవుతుంది."

ఇరవై ఆరు రోజులుంది. ఇన్నాళ్ళూ ఆ మాట జనం నోళ్ళలో ఉంది. నోట్లో మాట ఎప్పటికైనా మరుపున పడుతుంది, రాయి మీదికెక్కితే పడదు. రేపు మా అమ్మాయిని బడివాళ్ళు వరసలో నిలబెట్టి అది చదివిస్తారు. ఇంటికొచ్చే దారిలో మామగారు నాతో ఒక్కటే మాట అన్నారు. "నా తాత నిద్రపోలేదు. నిరూపిస్తాను."

ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి, మర్నాడు లైబ్రరీ నుంచి ఆవిరి యంత్రాల చరిత్ర మీద నాలుగు లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చారు. వరుస కింద వేలు పెట్టి చదివేవారు. చదివింది భోజనాల దగ్గర మాకు వడ్డించేవారు.

"ఆవిరి తోస్తే పిస్టన్ పైకి లేస్తుందనుకుంటున్నారు కదా మీరు?"

"నేనేమీ అనుకోవడం లేదండీ. మంచినీళ్ళు తాగుతున్నాను."

"కాదు. తప్పు. పైన పెద్ద దూలం ఉంటుంది, తూగుడుబల్ల లాగా. అటు చివర గని బావిలోకి కడ్డీ వేలాడుతుంది, టన్నుల బరువు. ఆ బరువే కిందికి దిగి ఇటు పిస్టన్‌ని పైకి లాగుతుంది. సిలిండరులో ఆవిరి నిండుతుంది. దాని మీద చన్నీళ్ళు చల్లితే ఆవిరి కాస్తా నాలుగు చుక్కలైపోతుంది. లోపల ఖాళీ. బయట గాలి ఊరుకుంటుందా? పిస్టన్‌ని కిందికి తొక్కేస్తుంది. అటు కడ్డీ లేచి నీళ్ళు తోడుతుంది. ఇందులో ఆవిరిది ఉత్త మాటసాయం. పనంతా గాలిది."

మేం నమ్మలేదనుకున్నారో ఏమో, మర్నాడు నూనె డబ్బాలో కాసిని నీళ్ళు పోసి, పొయ్యి మీద మరిగించి, మూత బిగించి, పైన చన్నీళ్ళు గుమ్మరించారు. డబ్బా పెద్ద చప్పుడుతో నలిగి ముద్దయింది. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అత్తగారికి ఆ చప్పుడు మీద కాదు కోపం. డబ్బాలో నూనె ఏదీ అని అడిగితే, ఈయన ఇంట్లో ఉన్న మంచినీళ్ళ చెంబులన్నీ చూపించారు. మూడు రోజులు మా ఇంట్లో ఎవరు నీళ్ళు తాగినా పెదాలు మెరిసేవి.

పదో రోజున మామగారు గంతులేయడం ఒక్కటే తక్కువగా ఇంటికొచ్చారు. ఆధారం దొరికేసిందట. ఇంజన్ ఒక్కో దెబ్బకి, అంటే పిస్టన్ ఒకసారి లేచి దిగేలోపు, రెండు కవాటాలు చేత్తో తిప్పాలి, ఒకటి ఆవిరికి, ఒకటి చన్నీళ్ళకి. నిమిషానికి పన్నెండు దెబ్బలు. "నిమిషానికి ఇరవై నాలుగుసార్లు చేతులాడించే మనిషికి నిద్ర ఎలా పడుతుంది అల్లుడుగారూ? మీకైనా సాధ్యమా?"

నన్నే కొలబద్దగా తీసుకున్నందుకు నొచ్చుకోవాలో, మెచ్చుకోవాలో తెలియలేదు. ఆగమేఘాల మీద మ్యూజియానికి వెళ్ళాం. మేడం ఓపిగ్గా అంతా విని, "ఇది మూడో అధ్యాయం కదండీ. నాలుగోది చదివారా?" అంది.

చదవలేదు. తనకు కావలసింది దొరకగానే పుస్తకం మూసేశారు. నాలుగో అధ్యాయంలో, దూలానికి ఇంకో చిన్న కడ్డీ వేలాడదీసి, కవాటాలు వాటంతటవే తెరుచుకుని మూసుకునేలా చేశారని ఉంది. పైగా మన ఇంజన్‌ది ఆ కడ్డీ మ్యూజియం పెరట్లోనే పడి ఉంది. దాని మీద వాచ్‌మన్ చొక్కా ఆరేసుకున్నాడు. మామగారు ఆ చొక్కా వైపు చాలాసేపు చూసి, "ఈ ఏర్పాటు కనిపెట్టినవాడెవడో గానీ వాడికి పనీపాటా లేదు," అన్నారు.

తర్వాతి వారంలో నేరాన్ని బాయిలర్ మీదికి తోశారు. అక్కణ్ణించి పిస్టన్ చుట్టూ వేసే తోలు మీదికి, ఆ తోలు కొన్న యజమాని మీదికి. ఏదీ నిలబడలేదు. ఒకటో తారీఖు ఎనిమిది రోజుల్లోకి వచ్చింది. అప్పుడు మేడమే జాలిపడి కబురు చేసింది. పాత విచారణ కాగితాల మూట బయటపడిందట. ఆ గొలుసుకట్టు రాత తనకి ఒక్క ముక్క అర్థం కావడం లేదట.

అలాంటి రాత చదవడమే నా బతుకు. సెలవు పెట్టి వెళ్ళాను. మ్యూజియం వెనక గదిలో నేను బల్ల ముందు, మామగారు నా వెనక నిలబడి. మూట విప్పాను. డ్రైవరు వాంగ్మూలం మూడు పుటలుంది. మొదటి ప్రశ్న చదివాను. "ఇంజన్ ఆగినప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

జవాబు మీద వేలు పెట్టి ఆగిపోయాను.

"ఆగారేం? చదవండి," అన్నారు మామగారు.

"సిరా చెదిరిపోయిందండీ."

"ఇరవై ఏళ్ళ నుంచి చెదలు తిన్న కాగితాలు చదివే మనిషికి ఇది కనిపించలేదా? చదవండి."

చదివాను. "నిద్రపోతున్నాను."

మామగారు కూర్చున్నారు. ఇంకో కుర్చీ లేదు, నేల మీదున్న మరో కాగితాల మూట మీదే కూర్చున్నారు. "కట్టేయండి," అన్నారు.

"ఇంకా రెండు పుటలుందండీ."

"కట్టేయమన్నాను కదా." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. లేచి, నా కోసం ఆగకుండా వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన్ని వెక్కిరించడానికి పదకొండేళ్ళుగా నేను ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో, అందులో ఒక్కటీ పనికిరాలేదు. ఉద్యోగం నేర్పిన అలవాటుకొద్దీ, వెళ్ళేముందు మూటలోవన్నీ చదివి నకలు రాసుకున్నాను.

ఇంట్లో మూడు రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. గడ్డం గీసుకోలేదు. పుస్తకాలు లైబ్రరీకి తిరిగిచ్చేశారు. మిగతా రెండు పుటలు చదువుతానంటే చేత్తో వద్దన్నారు. "తాతగారు పోయి యాభై ఏళ్ళయింది, మీ మామగారికి ఇప్పుడు పోయినట్టుంది," అంది అత్తగారు.

నాలుగో రోజు ఆదివారం. మేడమీద ఫ్యాను కింద యథాప్రకారం పడుకున్నాను. మంచి నిద్రలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాను ఇంకా పూర్తిగా ఆగనే లేదు, నాకు మెలకువొచ్చింది. పైకప్పు చూస్తూ ఫ్యానుని తిట్టబోయి, సగంలో ఆగాను. నకలులోని రెండో పుట కళ్ళ ముందు కదిలింది. ఉన్నపళాన కిందికి పరుగెత్తాను.

"మామగారూ, నేను నిద్రపోయాను."

"ఇది మీరు చెప్పాలా? పదకొండేళ్ళుగా మీ గురక వంటింట్లోకి వినిపిస్తోంది," అన్నారాయన, తలెత్తకుండా.

ఆ దెబ్బ ఓర్చుకుని, ఫ్యాను ఆగీ ఆగకముందే మెలకువొచ్చిన సంగతి చెప్పి, ఆయన వద్దంటున్నా నకలు తీసి చదివాను. "రోజూ అన్నం తిన్నాక ఇంజన్ పక్కనే నిద్రపోతాను. ఇంజన్ దెబ్బ వినపడుతున్నంతసేపే నిద్ర. దెబ్బ తప్పితే మెలకువొస్తుంది. ఆ రోజు తప్పింది. లేచాను. పిస్టన్ అడుగున ఉంది, పైకి రావడం లేదు. ప్రమాదం గంట కొట్టాను." దాని కింద విచారణాధికారి ఒక్క ముక్క రాసి సంతకం పెట్టాడు. "డ్రైవరు నిద్రపోయినట్టు ఒప్పుకున్నాడు."

"పిస్టన్ ఎక్కడుందన్నారు?" మామగారు తలెత్తారు.

"అడుగున."

ఆయన లేచి నిలబడ్డారు. "నిప్పు ఆరిపోయి ఇంజన్ ఆగితే పిస్టన్ పైన ఉంటుంది. కడ్డీ బరువు దాన్ని పైకి లాగేస్తుంది కదా. అడుగునే ఉండిపోయిందంటే అటు లాగే బరువు లేదు. బావిలో కడ్డీ తెగింది. అల్లుడుగారూ, నిప్పు ఆరలేదు. కడ్డీ తెగింది." తర్వాత ఆయన మొహం మళ్ళీ వాడింది. "కానీ నిద్రపోయే మనిషికి వెంటనే తెలిసిందంటే ఎవరు నమ్ముతారు? ఫ్యాను ఆగితే మీరు చెమటకి లేస్తారు."

ఇక్కణ్ణించి మా ఇంట్లో జరిగిన పరిశోధన ఏ పుస్తకంలోనూ ఉండదు. అత్తగారు బట్టలు కుడుతుంది. కాలితో తొక్కే పాత మిషను, దాని చప్పుడుకి నేల అదురుతుంది. మిషను పక్కన చాప వేసి, భోజనం పెట్టి, నన్ను పడుకోమన్నారు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో రాజమార్గాన పడుకున్నాను. అత్తగారు మిషను తొక్కుతుంటే నేను నిద్రపోవాలి. మామగారు సైగ చేసినప్పుడు ఆవిడ ఆపాలి. ఆయన గడియారం పట్టుకుని చూడాలి.

రెండు రోజుల్లో తొమ్మిదిసార్లు లేపారు. మిషను ఆగిన పది సెకన్లలోపే ప్రతిసారీ కళ్ళు తెరిచాను, ప్రతిసారీ ఒక బూతు మాట మింగాను. పదోసారి ఆపకుండా తొక్కమన్నారు. గంటంబావు నిద్రపోయాను. ఆ గంటంబావులో అత్తగారు ఎనిమిది దిండు గలీబులు కుట్టి, "ఇంకోసారి పడుకోండి బాబూ, దుప్పట్లు కూడా ఉన్నాయి," అంది.

ఒకటో తారీఖుకి రెండు రోజుల ముందు మేడం బల్ల మీద కాగితాలన్నీ పరిచాం. మామగారు పిస్టన్ సంగతి చెప్పారు. ఆవిడ నాలుగో అధ్యాయం పేరెత్తబోతే, ఏడో అధ్యాయం దాకా అప్పజెప్పారు. నేను బాయిలర్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ వాంగ్మూలం చదివాను. నిప్పు బాగానే ఉందనీ, తాను బొగ్గు తెస్తూ మెలకువగానే ఉన్నాననీ, ఇంజన్ ఆగిన సంగతి డ్రైవరు గంట కొట్టాకే తెలిసిందనీ అతను చెప్పాడు. బావి ముఖం దగ్గర రిజిస్టరులో గంట మోగిన వేళ ఉంది, రెండు గంటల నలభై. మూడుంబావుకి ఆఖరి మనిషి తొట్టిలో పైకొచ్చాడు. పావు తక్కువ నాలుక్కి పని చేసే చోటు మునిగింది. మొత్తం నలభై మూడు మంది. ఆ తర్వాత, శాస్త్రం కోసం, నా నిద్ర లెక్కలు కూడా బయటపెట్టాల్సి వచ్చింది. మేడం నవ్వాపుకోవడానికి కళ్ళజోడు మూడుసార్లు తుడుచుకుంది.

ఆవిడ పాత కాగితం మీద నాలుగో వాక్యం కొట్టేసి, కొత్తది రాసి మామగారి చేతికిచ్చింది. "కడ్డీ తెగి ఇంజన్ ఆగినప్పుడు, డ్రైవరు అప్రమత్తత వల్ల నలభై మూడు మంది ప్రాణాలతో బయటపడ్డారు."

ఇంతకన్నా ఏం కావాలి? నేను లేచి చెప్పులు వేసుకోబోయాను. మామగారు కదల్లేదు. వేలు పెట్టి వాక్యమంతా చదివి, నా జేబులో కలం తీసుకుని, 'డ్రైవరు అప్రమత్తత వల్ల' అన్నది కొట్టేశారు. పైన ఎనిమిదో తరగతి చేతిరాతతో, 'పక్కనే నిద్రపోతున్న డ్రైవరు వెంటనే లేచి గంట కొట్టడం వల్ల' అని రాశారు.

"ఆ మాట తీసేయమనే కదండీ ఇన్నాళ్ళూ తిరిగారు," అంది మేడం. "ఇప్పుడు మీరే పెడుతున్నారేం?"

"ఆయన దాచలేదమ్మా. అంతమంది ముందు నిలబడి నిద్రపోయానని చెప్పాడు. దాచుకున్నది మేము." మామగారు కలం మూత పెట్టి నా జేబులో దోపారు. "మా నాన్న పడుకోగా నేను ఒక్కసారే చూశాను. మెలకువగానే ఉండుంటాడని చాలాసేపు కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఆయన పోయాడని ఎవరో చెప్తే గానీ తెలియలేదు. రాయి మీద ఆ మాట ఉండనివ్వండి."

మేడం కాగితం మడిచి, అలాగే చెక్కమని రాసి పంపింది.